ఉమ్మడి కాపురంలో రెండు తూటాలు

హత్యకి ముందుగా కావలసింది తుపాకీ అని చాలామంది అనుకుంటారు. తుపాకీ ఆఖర్న వస్తుంది. ముందు పంపకాలు కాని ఆస్తి ఉండాలి. అందులో వాటా ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ, ఉందనుకుంటున్నవాళ్ళూ అందరూ ఒకే ఇంట్లో కాపురముండి, పొద్దున్నే ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరికొకరు వెన్న అందించుకుంటూ ఉండాలి. ఈ రెండూ అమరితే మిగతా పని వాళ్ళే చూసుకుంటారు, రచయిత పెద్దగా కష్టపడక్కర్లేదు.

డబ్బున్నవాళ్ళ ఇంట్లో హత్య అనే సరుకు టీవీలో ఏ కాలంలో పెట్టినా అమ్ముడుపోతూనే ఉంది. లేనివాడు పోతే ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు, అంతటితో అయిపోతుంది. ఉన్నవాడు పోతే ముందు వీలునామా వెతుకుతారు. కథంతా ఆ వెతుకులాటలోనే ఉంటుంది. ఈ కిటుకు పట్టుకుని 1980లో సగం ప్రపంచానికి ఎనిమిది నెలలపాటు నిద్ర లేకుండా చేసిన సీరియల్ ‘డాలస్’. తమాషా ఏమిటంటే అందులో పోవలసినవాడు పోనే లేదు. రెండు గుళ్ళు తగిలించుకుని, ఆసుపత్రిలో పడుకుని, లేచి కూర్చున్నాడు. అయినా ఇప్పటికీ టీవీ రహస్యాల గురించి ఎవరు మాట్లాడినా ‘జేఆర్‌ని కాల్చిందెవరు’ అన్న దగ్గరికి రాక తప్పదు.

అమెరికాలో సీబీఎస్ చానెల్లో 1978 ఏప్రిల్ 2న అయిదు భాగాల చిన్న కథగా మొదలైంది ఇది. జనం వదల్లేదు. 1991 దాకా 357 ఎపిసోడ్లు సాగింది. మన డైలీ సీరియళ్ళ లెక్కలో 357 అంటే ఇంకా నిశ్చితార్థం ఆపడానికి ఎవరో ఒకరు కారులో బయల్దేరి దారిలోనే ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళది వారానికొక్కటి.

ఇంటి సంగతి చెప్పాలి. టెక్సస్‌లో చమురు తవ్వి కోట్లు గడించిన పెద్దాయన జాక్ యూయింగ్. ఆయన భార్య మిస్ ఎల్లీ. వాళ్ళుండే సౌత్‌ఫోర్క్ అనే రాంచ్ ఆవిడ పుట్టింటివాళ్ళది. అంటే వ్యాపారం మొగుడిది, భూమి పెళ్ళానిది. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జేఆర్, తెలివి ఎక్కువ, సిగ్గు తక్కువ. మధ్యవాడు గ్యారీ, ఈ ఇంట్లో ఉండలేక పారిపోయాడు. వాడి కూతురు లూసీని నాయనమ్మే పెంచుతోంది. చిన్నవాడు బాబీ, బుద్ధిమంతుడు. బుద్ధిమంతులందరిలాగే పెళ్ళి దగ్గర మాత్రం కొంప ముంచాడు. తండ్రికి ఒకప్పటి భాగస్వామీ ఇప్పటి శత్రువూ అయిన డిగ్గర్ బార్న్స్ కూతురు పామెలాని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెళ్ళాడి తిన్నగా గుమ్మంలోకి తీసుకొచ్చాడు. కథ అక్కడ మొదలు.

ఈ చుట్టరికాలు ఒక కొలిక్కి తెచ్చుకోవడానికి నేను కాగితం మీద గీతలు గీసుకోవలసి వచ్చింది. మా అత్తగారికి ఆ అవసరం రాలేదు. ఎనభై దాటిన మనిషి, కోనసీమ దాటి ఎక్కువ తిరిగింది లేదు, ఇంగ్లీషులో ఆవిడకి వచ్చిన మాటలు ‘థాంక్యూ’, ‘నో షుగర్’. మొదటి ఎపిసోడు సగం చూసి, కాళ్ళు సోఫా మీదకి ముడుచుకుని, “ఈ కొంప నాకు తెలుసే అమ్మాయ్. మన కరణంగారి లోగిలే,” అన్నారు.

మేమప్పుడు ఫ్రిస్కోలో మావాడింట్లో ఉన్నాం. డాలస్ నగరానికి ఉత్తరంగా ఉంటుంది ఊరు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళినా, కూరల కొట్టుకి వెళ్ళినా, సాయంత్రం పార్కులో నడిచినా తెలుగే వినబడుతుంది కాబట్టి, అత్తయ్యగారికి తాము దేశం దాటామన్న సంగతి చలి వేసినప్పుడు తప్ప గుర్తుండేది కాదు. ఆ చలికే ఇల్లు కదలడం మానేశారు. తెలుగు సీరియళ్ళు అప్పటికే అయిపోయాయి, అంటే చూడవలసినవి ఇంక మిగల్లేదు. మావాడు లైబ్రరీ నుంచి ‘డాలస్’ డీవీడీల పెట్టె మోసుకొచ్చాడు. “ఊరికి డాలస్ అని పేరు కదా నానమ్మా, ఇక్కడిదే,” అని. వాడు సరదాకి అన్నా అది నిజమే. మొదటి అయిదు ఎపిసోడ్లలో సౌత్‌ఫోర్క్ అని చూపించిన రాంచ్ సాక్షాత్తూ ఫ్రిస్కోలోదే. తర్వాత షూటింగు పార్కర్ అనే పక్క ఊరికి మారింది. కథలో మాత్రం కుటుంబం కదిలినట్టు ఎవరూ చెప్పరు. కొత్త ఇంట్లో పాలు పొంగించలేదు, పాత ఇంటి గురించి ఒక్కళ్ళూ బెంగ పెట్టుకోలేదు. అత్తయ్యగారు మాత్రం పట్టేశారు. “కిందటి ఇంటికి స్తంభాలు ఇలా లేవే!”

భాష రాకపోవడం ఇలాంటి సీరియళ్ళకి అడ్డు కాదు సరికదా, లాభం. నేను మాటలు వింటూ కూర్చున్నాను కాబట్టి జేఆర్ చెప్పే అబద్ధాలు సగం నమ్మాను. ఆవిడ మొహాలు చూశారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటున్నారు, ఎవరొస్తే ఎవరు లేచిపోతున్నారు, మెట్ల మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వడం లేదు, ఇవి చూశారు. వాటితో పాటు కొన్ని ప్రశ్నలు కూడా లేవదీశారు. ఇంత ఇంటికి వంటిల్లేదీ? ప్రతి పొద్దున్నా బయట బల్ల మీద అన్ని పదార్థాలు సర్దుతున్నారు, ఒక్కడూ ఒక ముద్ద మింగకుండానే కోపం తెచ్చుకుని లేచిపోతున్నాడు, ఆ మిగిలిందంతా ఎవరు తింటున్నారు? బయటినుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా తిన్నగా సీసా దగ్గరికి వెళ్ళి గ్లాసులో పోసుకుంటాడేం? నా దగ్గర జవాబుల్లేవు. వీటన్నిటికంటే ఆవిణ్ణి పీకిన ప్రశ్న మరొకటి. “ఇంత సొమ్ముంది, ఎకరాలకెకరాలుంది. ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. మరి వేరింటి కాపురాలు పెట్టుకోరేం?”

ఆలోచించి చూడండి, ‘డాలస్’ మొత్తానికి ఇంతకంటే గట్టి ప్రశ్న లేదు. ఆ ముసలాయన ఓ ఆదివారం పూట పెద్దమనుషుల్ని పిలిచి, బావులు నీకూ, గొడ్లు వాడికీ, ఇల్లు మీ అమ్మ తదనంతరం అందరికీ అని ఓ దస్తావేజు రాయించి పారేస్తే, పద్నాలుగు సీజన్ల సీరియల్ రెండు ఎపిసోడ్లలో ముగిసేది. వేరు వెళ్ళినవాడు ఒక్క గ్యారీ. వాణ్ణీ వదల్లేదు, వాడి కోసం ‘నాట్స్ ల్యాండింగ్’ అని వేరే సీరియల్ తీశారు.

ఇంక తుపాకీ దగ్గరికొద్దాం. 1980 వసంతం నాటికి జేఆర్ చెయ్యని పాపం లేదు. ఆసియాలో చమురు బావుల కోసం తల్లి పుట్టింటి భూమిని ఆవిడకి తెలియకుండా తాకట్టు పెట్టాడు. ఆ బావుల్ని అక్కడి ప్రభుత్వం లాగేసుకోబోతోందని ముందే పసిగట్టి, వాటిని స్నేహితులకే అంటగట్టాడు. వాళ్ళు దివాలా తీశారు, ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. పామెలా అన్న క్లిఫ్ బార్న్స్‌కి ఒక బావి దక్కితే దాన్ని మూయించాడు. చెప్పినట్టల్లా ఆడిన లాయర్నే కేసులో ఇరికించాడు. పెళ్ళాం సూ ఎలెన్‌ని తాగుబోతు కింద జమకట్టి ఆసుపత్రిలో పడెయ్యడానికి కాగితాలు సిద్ధం చేశాడు. ఆవిడ చెల్లెలు క్రిస్టిన్‌తో సంబంధం పెట్టుకుని, మోజు తీరాక ఆ పిల్లని ఊళ్ళోంచి తరిమెయ్యడానికి పోలీసు కేసు అల్లాడు. ఈ గొడవలు భరించలేక తమ్ముడూ తమ్ముడి పెళ్ళామూ ఇల్లొదిలి పోయారు. ఇన్ని చేసి, రాత్రి ఆఫీసులో ఒక్కడూ కూర్చుని పని చేసుకుంటున్నాడు. ఏదో చప్పుడైతే గదిలోంచి బయటికొచ్చాడు. రెండుసార్లు పేలింది. పడిపోయాడు. పేర్లు పడ్డాయి.

అది మార్చి 21. ఎవరు కాల్చారో చెప్పింది నవంబరు 21న.

మధ్యలో ఎనిమిది నెలలు జనం ఏమయ్యారో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. చొక్కాల మీద ఆ ప్రశ్న అచ్చేసుకుని తిరిగారు. ఆగస్టులో ‘టైమ్’ పత్రిక జేఆర్ బొమ్మ అట్ట మీద వేసింది. ఇంగ్లండులో పందేలు కాసే దుకాణాలవాళ్ళు ఎవరి మీద ఎంత అని బోర్డులు పెట్టారు. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం కూడా. జేఆర్‌ని కాల్చింది డెమోక్రాటే అంటూ రిపబ్లికన్లు బిళ్ళలు తగిలించుకున్నారు. డాలస్‌కి చందాల కోసం వచ్చిన అధ్యక్షుడు కార్టర్, ఆ రహస్యం ఎవరైనా నా చెవిలో ఊదితే నా ఎన్నికల ఖర్చంతా దాంతోనే గట్టెక్కుతుందని నవ్వించాడు. ఎవరూ ఊదలేదు, ఆయన ఓడిపోయాడు. జేఆర్ వేషం వేసిన ల్యారీ హ్యాగ్‌మన్ లండన్ వెళితే సాక్షాత్తూ రాజమాత కూడా ఎవరు బాబూ అని అడిగిందని ఆయనే చెప్పుకునేవాడు.

ఆయన లండన్‌లో ఎందుకున్నాడో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు కథ కన్నా అది రుచిగా ఉంటుంది. తుపాకీ పేలగానే హ్యాగ్‌మన్‌కి ఒక సంగతి తట్టింది. జేఆర్ బతకాలా చావాలా అన్నది డాక్టర్ల చేతిలో లేదు, తన చేతిలో ఉంది. జీతం పెంచితే బతుకుతాను, లేకపోతే లేదు అని కూర్చున్నాడు. నిర్మాతలు కూడా తక్కువ తినలేదు. ఆయన రాకపోతే జేఆర్ మొహానికి కట్లు కట్టి, ప్లాస్టిక్ సర్జరీ అని చెప్పి, కట్లు విప్పేసరికి వేరే నటుణ్ణి చూపించాలని ఆలోచించారట. చివరికి పెంచారు. ఈ కట్లు కట్టే విద్య మనవాళ్ళే కనిపెట్టారని నాకు ఇన్నాళ్ళూ గర్వంగా ఉండేది.

ఆ తగువు తీరిందో లేదో నటీనటులంతా సమ్మె కట్టారు. సెప్టెంబరులో రావలసిన కొత్త సీజన్ నవంబరు దాకా రాలేదు. రహస్యం బయటికి పొక్కకుండా ఇంకో ఎత్తు వేశారు. అనుమానితుల్లో చాలామంది చేత విడివిడిగా జేఆర్‌ని కాల్పించి, ఆ ముక్కలన్నీ తీసి దగ్గర పెట్టుకున్నారు. అంటే ఆ వేసవిలో పాపం ఆయన్ని ఇంట్లోవాళ్ళంతా వంతులవారీగా కాల్చారు. కాల్చినవాళ్ళకి కూడా తమ గుండు తగిలిందో లేదో టీవీ చూస్తే గాని తెలియదు.

నవంబరు 21 రాత్రి అమెరికాలో టీవీలు పెట్టుకున్న ఇళ్ళలో నూటికి 76 ఇళ్ళు ఇదే చూశాయి. దాదాపు 8.3 కోట్లమంది. దేశ జనాభా అప్పటికి 22.6 కోట్లు. పదిహేడు రోజుల ముందు రీగన్, కార్టర్, తక్కినవాళ్ళందరికీ కలిపి పడిన ఓట్లు 8.65 కోట్లు. కొంచెం అటూ ఇటూగా, దేశాన్ని ఎవరు ఏలాలన్న ప్రశ్నా జేఆర్‌ని ఎవరు కాల్చారన్న ప్రశ్నా ఒకే తూకం తూగాయి.

ఫ్రిస్కోలో మా హాల్లో కూడా దర్యాప్తు జోరుగా సాగింది. నేను కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు పుస్తకాల మధ్య దాచి చదువుకుని పెరిగినదాన్ని. హత్య అంటే ఒక డిటెక్టివ్ రావాలి, గది తలుపులు మూయించాలి, కాలిన సిగరెట్ ముక్క ఒకటి జేబులో వేసుకోవాలి. ఇక్కడ ఆ డిటెక్టివ్ వస్తాడేమోనని చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. పోలీసులు వచ్చారు గానీ, గొప్పవాళ్ళింటికి వచ్చిన పోలీసులు ఎలా ఉంటారో అలా వచ్చారు, టోపీ చేతిలో పట్టుకుని. మా కోడలిది ఇంకో పద్ధతి. ఫోను తీసి, రెండు నిమిషాల్లో జవాబు చూసేసుకుని, ఎవరికీ చెప్పకుండా నవ్వుకుంటూ చపాతీలు వత్తింది. ఆ పూటకి ఇంట్లో నేరస్థురాలెవరో తెలిసి దాచిపెట్టిన సాక్షి తనే.

అత్తయ్యగారు మాత్రం వేలు మడిచి లెక్కపెట్టారు.

“పెళ్ళాం కాదే. పెళ్ళాం చంపదు. చంపేస్తే రేపణ్ణుంచి ఎవర్ని దెప్పుతుంది?”

“తుపాకీ మీద ఆవిడ వేలిముద్రలే ఉన్నాయి, అత్తయ్యగారూ. అరెస్టు కూడా చేశారు.”

“ఇంట్లో వస్తువన్నాక ఇల్లాలి చెయ్యి పడదుటే? మా ఇంట్లో నీళ్ళ మోటారు మీద కూడా నా వేలిముద్రలే. తమ్ముడు కాదు. వాడికి వాటా ఉంది, కోర్టుకెళతాడు. ఆ బార్న్స్ కుర్రాడూ కాదు. అంతలా అరిచేవాడు చెయ్యెత్తడు. ముసలాళ్ళు కన్నవాళ్ళు, వాళ్ళని వదిలెయ్. ఇంక ఆ ఇంట్లో వాటా గీటా ఏం లేకుండా, అస్తమానూ లోపలికీ బయటికీ తిరుగుతూ, అన్నీ చూస్తున్నదెవరో చెప్పు.”

నేను చెప్పలేదు. ఆవిడే చెప్పారు. “పెళ్ళాం చెల్లెలు.”

చపాతీల కర్ర ఆగిపోయింది.

వాటా ఉన్నవాడు వకీలు దగ్గరికి వెళతాడు, లేనివాళ్ళే తుపాకీ దాకా వెళతారన్న ఆవిడ లెక్క ఏ నేరశాస్త్రం పుస్తకంలోనైనా ఉందో లేదో గానీ, ‘డాలస్’ రచయితలు మాత్రం దాన్నే నమ్ముకున్నారు. కాల్చింది క్రిస్టినే. ఆ వేషం వేసిన మేరీ క్రాస్బీ, పాటల బింగ్ క్రాస్బీగారి అమ్మాయి. అక్క తాగి స్పృహ లేకుండా పడి ఉంటే ఆ తుపాకీ తీసుకెళ్ళి, బావని కాల్చి, నేరం అక్క నెత్తిన పడేట్టు చేసింది. దీన్ని బయటపెట్టింది డిటెక్టివ్ కాదు, మానసిక వైద్యుడు. సూ ఎలెన్‌ని కూర్చోబెట్టి హిప్నాసిస్ చేస్తే, మరిచిపోయిన రాత్రి ఆవిడకి ముక్క ముక్కలుగా గుర్తొచ్చింది. సరాసరి ఇంటికొచ్చి, చెల్లెల్ని జేఆర్ ముందే నిలదీసింది. పోలీసులకి ఫోను చెయ్యబోతే క్రిస్టిన్ ఒక్క మాట అంది. నేను కడుపుతో ఉన్నాను, బిడ్డ జేఆర్‌దే, కావాలంటే జైల్లో కంటాను.

ఫోను కింద పెట్టేశారు. కేసు లేదు.

అత్తయ్యగారు ఒక్క క్షణం మండిపడ్డారు. “అదేవిటే, మనిషిని కాల్చి చక్కా పోవడమే?” నేను పరువు సంగతి వివరించాను. వెంటనే శాంతించారు. “ఆఁ, పరువా. అలా చెప్పు. అయితే ఇంకేం చేస్తారు.” ఆ తర్వాతి ఏడాది సీజన్ ఆఖర్న అదే ఇంటి ఈతకొలనులో ఒక ఆడమనిషి శవం తేలింది. ఎవరిదో చెప్పకుండా మళ్ళీ వేసవంతా జనాన్ని ఆడించారు. క్రిస్టిన్‌ది. మా ఇంట్లో దాని మీద చర్చే జరగలేదు, అత్తయ్యగారు ఆ పిల్లకి ఆ గతి పడుతుందని ముందే చెప్పి పడుకున్నారు.

ఆ ఈతకొలనుని మేం కళ్ళారా చూశాం. పార్కర్‌లో ఆ ఇల్లు ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని చూసే చోటు. మాకు అరగంట కారు ప్రయాణం. డాలస్‌లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు అక్వేరియాలూ కెన్నెడీ మ్యూజియమూ అయిపోయాక, వీసా గడువు ఇంకా మిగిలి ఉంటే అక్కడికి వెళతారు. తెర మీద మహారాజ ప్రాసాదంలా కనిపించే సౌత్‌ఫోర్క్ తీరా దగ్గరికెళితే 1970లో ఎవరో ఉండడానికి కట్టుకున్న తెల్లటి ఇల్లు, అంతే. ఈతకొలను మరీ అన్యాయం. జేఆర్ అందులో నాలుగు బారలు వేస్తే అవతలి గట్టు నెత్తికి తగలాలి. ఇంత చోట్లో శవం తేలితే వెతకడానికి ఏముంది, కాలు పెట్టినవాడికి తగులుతుంది! లోపలికి వెళితే ఆ పెద్ద మెట్లు లేవు. లోపలి గదుల షూటింగంతా కాలిఫోర్నియా స్టూడియోలో జరిగేదట. ఒక అద్దాల పెట్టెలో జేఆర్‌ని కాల్చిన తుపాకీ ఉంది. దగ్గరలోనే లూసీ పెళ్ళి గౌను. అందరూ తుపాకీ ముందు ఫొటోలు దిగుతుంటే అత్తయ్యగారు గౌను ముందు చాలాసేపు నిలబడి, ఇంతా ఖర్చు పెట్టి కట్టుకుంటే ఆ పెళ్ళి నిలవలేదు కదా అని చీరకొంగుతో అద్దం తుడిచారు. అక్కడి ఉద్యోగి ఏదో అనబోయి, ఆవిడ ‘థాంక్యూ’ అనేసరికి ఊరుకున్నాడు.

నిజం చెప్పాలంటే కాల్పుల తర్వాత ‘డాలస్’ మెల్లగా మన సీరియళ్ళ దారి పట్టింది. జాక్ వేషం వేసిన జిమ్ డేవిస్ 1981లో నిజంగానే పోయాడు. కథలో హెలికాప్టర్ కూలిందన్నారు. కొన్నేళ్ళకి ఇంకెవరో ఒకాయన దిగి, నేనే జాక్‌ని, మొహం ప్లాస్టిక్ సర్జరీతో మారింది అన్నాడు. మిస్ ఎల్లీ వేషం వేసే బార్బరా బెల్ గెడ్డెస్ 1984లో మానేస్తే డొనా రీడ్ వచ్చింది. ఏడాది తిరక్కుండానే పాతావిడ తిరిగొచ్చింది. అంతటి కుటుంబంలో ఒక్క కొడుకు కూడా, అమ్మా, నీ మొహం మారిందేమే అని అడగలేదు. అడుగుతారేమోనని మేం చాలాసేపు చూశాం.

ఆ ఊపులో వచ్చిందే బాబీ చావు. ప్యాట్రిక్ డఫీ సీరియల్ మానేస్తానంటే 1985 మే 17న బాబీని కారు గుద్దించి చంపేశారు. సరిగ్గా రెండు రోజుల ముందు, పోటీ సీరియల్ ‘డైనస్టీ’లో ఒక యువరాజుగారి పెళ్ళిలోకి తుపాకులతో జొరబడి ఇంకో సంపన్న కుటుంబాన్ని మొత్తం నేల కూల్చారు. అమెరికా ధనవంతులకి అది చెడ్డ వారం. ‘డైనస్టీ’వాళ్ళు వేసవి దాటాక ఒక్కొక్కళ్ళనీ దుమ్ము దులిపి లేపేశారు, పోయింది ఇద్దరే, ఆ ఇద్దరూ ఇంటివాళ్ళు కారు. ‘డాలస్’వాళ్ళకి మాత్రం అంత తేలిగ్గా తేల్లేదు. బాబీ లేకపోతే జనం చూడ్డం తగ్గించారు. డఫీని బతిమాలి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నారు సరే, ఆసుపత్రిలో అందరి కళ్ళముందూ పోయినవాణ్ణి ఎలా లేపడం?

1986 మే 16న పామెలా నిద్ర లేస్తుంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. తలుపు తీస్తే ఒంటినిండా నీళ్ళతో బాబీ. ముందు రహస్యంగా ఉంచడానికి ఆ ముక్కని సబ్బు ప్రకటన అని చెప్పి తీశారట. అంటే ఏమిటి? ఏడాదిపాటు వచ్చిన 31 ఎపిసోడ్లూ పామెలా కన్న కల. అందులో పుట్టినవాళ్ళు పుట్టలేదు, పోయినవాళ్ళు పోలేదు, జనం పెట్టిన కన్నీళ్ళు ఎవరి ఖాతాలో వేసుకోవాలో తెలియదు. పక్కన ‘నాట్స్ ల్యాండింగ్’లో గ్యారీ మాత్రం ఈ కల సంగతి తెలియక, తమ్ముడు పోయినట్టే ఉండిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం కూడా టీవీ ముందే తిని చూశాం. మా కోడలు ఇంజనీరు కాబట్టి, ఒక మనిషి ఒక రాత్రిలో 31 గంటల కల ఎలా కంటుందని కూడికలు మొదలుపెట్టింది. అత్తయ్యగారు ఒకటే అడిగారు. “ఆ కల్లో పామెలా ఇంకో అతన్ని పెళ్ళి చేసుకోవడం అయిపోయిందా?”

“అయిపోయిందండీ. ఆ పెళ్ళయిన మర్నాడే లేస్తుంది.”

“అయితే కల అవడమే మంచిది. లేకపోతే ఇద్దరు మొగుళ్ళతో ఆస్తి ఇంకా చిక్కు పడిపోను.”

జేఆర్ గొడవ ముప్పై మూడేళ్ళ తర్వాత మళ్ళీ లేచింది. 2012లో ‘డాలస్’ని కొత్త తరంతో తిరిగి మొదలుపెట్టారు. హ్యాగ్‌మన్ ముసలి జేఆర్‌గా కనుబొమలు దట్టంగా పెంచుకుని వచ్చాడు. షూటింగు నడుస్తుండగానే ఆ నవంబరు 23న ఆయన డాలస్‌లోనే కన్నుమూశారు. 2013లో కథలోనూ జేఆర్‌ని చంపేశారు. ఈసారి గుండు గురి తప్పలేదు. పాత ప్రశ్న మళ్ళీ అడిగారు, ఎవరు కాల్చారు? ఎక్కడెక్కడ ఎవరికి పగ ఉందో అందరి మీదా అనుమానం తిప్పి తిప్పి, చివరికి సమాధి దగ్గర తేల్చారు. జేఆర్‌కి అప్పటికే క్యాన్సర్, మిగిలింది కొద్ది రోజులే. తన నమ్మకస్థుడు బమ్ అనేవాణ్ణి పిలిచి, ఎలాగూ పోతున్నాను, నువ్వే కాల్చు, నేరం మాత్రం క్లిఫ్ బార్న్స్ మీద పడాలి అని బతిమాలాడు. తన చావుని కూడా వ్యాపారంలో పెట్టుబడి పెట్టాడు. క్లిఫ్ జైలుకెళ్ళాడు.

ఇది అత్తయ్యగారికి విడమరిచి చెప్పాను. ఆవిడ చాలాసేపు తల ఊపారు. “చూశావా, ఆఖరికి ఆ పని కూడా వాడే చేయించుకోవలసి వచ్చింది. అంతమంది ఉండి ఆ కొంపలో ఒక్కళ్ళకీ చేతకాలేదు.”

డీవీడీల పెట్టె తిరిగి ఇచ్చేసి వస్తూ మావాడు ఇంకోటి తెచ్చాడు. ఇంగ్లండులో ఒక జమీందారుగారి బంగళా, పుస్తకాల గదిలో పెద్దాయన శవం, బయట వాన.

“అన్నదమ్ములెందరురా?” అన్నారు అత్తయ్యగారు.

“కొడుకుల్లేరు నానమ్మా. ఒక్కతే కూతురు.”

“పెళ్ళయిందా?”

“అయింది. అల్లుడూ అక్కడే ఉంటాడు, ఆ ఇంట్లోనే.”

“ఇల్లరికమా! ఇంకేం చూస్తాంరా. పోలీసుల్ని పిలిచి పట్టుకుపొమ్మను, నాకు నిద్దరొస్తోంది.”